గుంతలో నీళ్లు పోసినారా?

కొత్తచెరువులో ఉగాది దాటిందంటే నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట. కూలర్ ముట్టుకుంటే జివ్వుమంటాండాది, ఫ్రిజ్జు తలుపు తీస్తే జివ్వుమంటాండాది, వాషింగ్ మెషిన్లో బట్టలేస్తే చెయ్యి లాగుతాండాది. నేను ఫేజు గురించీ స్విచ్చు గురించీ తర్వాత అడుగుతాను. ముందు అడిగేది, "ఎర్త్ గుంతలో నీళ్లు పోసినారా?" అని. అవతల కాసేపు మాట ఉండదు. ఆ తర్వాత, "యాడుందన్నా ఆ గుంత?" అంటారు.

ఇల్లు కట్టించినాయనకే తెలీదు. వెళ్లి వెతికితే కొన్నిచోట్ల గుంత మీద బండలు పరిచేసి ఉంటారు. కొన్నిచోట్ల బైకు పెట్టుకోవడానికి కాంక్రీటు పోసేసి ఉంటారు. ఒక ఇంట్లో దాని మీద తులసికోట కట్టారు. నిజానికి అదే నాకు దొరికిన మంచి ఎర్తుల్లో ఒకటి, ఎందుకంటే ఆ ఇల్లాలు రోజూ చెంబెడు నీళ్లు పోసేది.

నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు చదివి, పర్మిట్ తీసుకుని, ఈ పని పట్టుకున్నవాణ్ణి. గోడ మీద టేకు రీపర్లు కొట్టి, వాటిమీద క్లిప్పులతో వైరు పరిచే కాలంలో నేర్చుకున్నాను. ఇప్పుడు గోడ లోపల గొట్టాల్లో లాగుతున్నాం. కొత్తచెరువు, బుక్కపట్నం, పుట్టపర్తి, అటు ధర్మవరం రోడ్డు మీది పల్లెలు నేను తిరిగే మేర. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి పుట్టపర్తి జిల్లా కేంద్రమైన దగ్గర్నుంచి ఈ దారిలో ఇళ్లు పెరిగాయి, ఇళ్లతోపాటు ఏసీలు పెరిగాయి. పెరగనిది వాన ఒక్కటే. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడితే అదే గొప్ప. కరెంటు పనికీ వానకీ సంబంధం ఏముందని అడుగుతారు. ఉంది, చెబుతాను. దానికి ముందు, ఎక్కువమంది నన్ను నిలదీసే ప్రశ్న ఇంకొకటి ఉంది.

"మా ఇల్లు, మా డబ్బులు. మా ఇంట్లో కరెంటు పని మేమే చేసుకుంటే తప్పేముందన్నా?"

కొంత చేసుకోవచ్చు. ఎంతవరకు అనేదానికి 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమం గీత గీసింది. బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చులు, ఇంట్లో వాడే చిన్న సామాన్లు పాడైతే అలాంటివే తెచ్చి మార్చుకోవచ్చు. షరతు ఏమంటే, ఆ మార్పుతో వైరింగు సామర్థ్యం గానీ స్వభావం గానీ మారకూడదు. అది దాటి కొత్త లైను లాగినా, ఉన్నదాన్ని పెంచినా, తిప్పినా, రిపేరు చేసినా లైసెన్సున్న కాంట్రాక్టరు చేతిమీదుగా జరగాలి. సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు చూస్తుండాలి, పర్మిట్ ఉన్న మనిషి పని చేయాలి. 2003 విద్యుత్ చట్టం వచ్చాక కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చినప్పుడు ఈ మాటే 29వ నిబంధనగా మళ్లీ రాశారు. 2023లో ఆ నిబంధనల స్థానంలో కొత్తవి వచ్చాయి. గీత మాత్రం ఉన్నచోటే ఉంది.

నాకు ఆ గీత నచ్చుతుంది. రాసినవాళ్లు ఎవరో గానీ పని తెలిసినవాళ్లు. కంటికి కనిపించేదాన్ని ఇంటాయనకు వదిలారు, గోడలో దాక్కున్నదాన్ని పని నేర్చినవాడికి అప్పగించారు. చిక్కంతా ఎక్కడంటే, చాలామంది తాము ఆ గీత దాటామని తెలియకుండానే దాటుతారు.

ఒక ఉదాహరణ. పాత మిద్దె ఇల్లు. అప్పట్లో గదికో బల్బు, ఒక ఫ్యాను, ఒక రేడియో అనుకుని 1/18 తీగ లాగారు. ఇప్పుడు కొడుకు అదే బోర్డులో ఐదు ఆంపియర్ల సాకెట్టు ఊడదీసి, పదహారు ఆంపియర్లది బిగించాడు. సాకెట్టు బదులు సాకెట్టు, మార్చుకోవచ్చు కదా అని అతని వాదన. బయటికి అదే బోర్డు. గోడలో తీగ మాత్రం పాతదే. 1500 వాట్ల హీటరు రాడ్డు పెడితే ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. పక్కన ఇస్త్రీపెట్టె పెడితే ఇంకో నాలుగు. తీగ గోడలో వేడెక్కుతుంది, పైపొర గట్టిపడి పెళుసవుతుంది. ఒకరోజు బోర్డు దగ్గర కాలిన వాసన వస్తే నాకు ఫోను. "సాకెట్టు మంచి కంపెనీదే తెచ్చినానన్నా" అంటాడు. మంచిదే, పైన ఐఎస్ఐ గుర్తు కూడా ఉంది.

ఎంసీబీ సంగతీ అంతే. 10 ఆంపియర్లది మాటిమాటికీ పడిపోతోందని దాని స్థానంలో 32 ది వేయించుకున్నవాళ్లు మా ఊళ్లో బోలెడు. ఫ్యూజుల కాలంలో ఇదే పనిని వేరేలా చేసేవాళ్లు. కాలిపోయిన సన్నతీగ బదులు వైరులోంచి నాలుగు పోగులు తీసి చుట్టేసేవాళ్లు. ఫ్యూజు మార్చుకునే హక్కు నియమం ఇచ్చిందే, నాలుగు పోగులు చుట్టే హక్కు ఇవ్వలేదు. ఎంసీబీ గానీ ఫ్యూజు గానీ కాపాడేది గోడలోని తీగను. మనిషిని కాపాడేది వేరే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఇంటాయన చేసుకోదగ్గ పనిలో కూడా ఒక మెలిక ఉంది. బల్బు మార్చడం కంటే తేలికైన పని లేదు కదా. స్విచ్చు ఆపి ఎక్కుతారు. మా పక్క పాత ఇళ్లలో చాలావాటిలో స్విచ్చు ఫేజు మీద ఉండదు, న్యూట్రల్ మీద ఉంటుంది. లాగినవాడు ఏ తీగ ఏదో పట్టించుకోలేదు, బల్బు వెలిగితే చాలనుకున్నాడు. అలాంటి ఇంట్లో స్విచ్చు ఆపినా హోల్డరులో ఫేజు అలాగే నిలబడి ఉంటుంది. ఇంకొన్ని ఇళ్లలో మెయిన్ దగ్గర రెండు కిట్‌క్యాట్ ఫ్యూజులు పక్కపక్కనే ఉంటాయి, ఒకటి ఫేజుకు, ఒకటి న్యూట్రల్‌కు. న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజు ఉండకూడదని పాత నియమాలే చెప్పాయి, అయినా పెట్టారు. ఆ న్యూట్రల్ ఫ్యూజు పోతే ఇల్లంతా చీకటి. కరెంటు పోయిందనుకుని చెయ్యి పెడతారు. ఇంట్లో ప్రతి బోర్డులోనూ ఫేజు ఉంటుంది, వెలిగే దారి మాత్రమే తెగిపోయింది.

అందుకే నేను చెప్పేది మెయిన్ ఆపండి అని. అదీ రెండు తీగల్నీ ఒకేసారి తెంపే డబుల్ పోల్ మెయిన్ అయితేనే. ఈమధ్య ఇంకో చిక్కు వచ్చింది. ఇంట్లో ఇన్వర్టరుంటే మెయిన్ ఆపగానే అది కరెంటు పోయిందనుకుని తన బ్యాటరీలోంచి ఇవ్వడం మొదలుపెడుతుంది. మెయిన్ ఆపి ధైర్యంగా ఫ్యాను విప్పబోయిన కుర్రాడు ఒకడు నిచ్చెన మీదనుంచి కింద పడ్డాడు. షాకు చిన్నదే, నడుము బాగవడానికి మాత్రం నెలరోజులు పట్టింది. పది రూపాయల టెస్టరు పెట్టి చూసి ఉంటే సరిపోయేది. టెస్టరును కూడా గుడ్డిగా నమ్మకూడదు. దాంట్లో నియాన్ దీపం వెలగాలంటే మన ఒంట్లోంచి నేలకు కాస్త దారి ఉండాలి. ప్లాస్టిక్ స్టూలు మీద, రబ్బరు చెప్పులతో నిలబడితే అది మసగ్గా వెలిగీ వెలగనట్టు ఉంటుంది. నేను ముందు కచ్చితంగా కరెంటున్న చోట పెట్టి అది పనిచేస్తోందని చూసుకుంటాను, తర్వాతే అనుమానమున్న చోట పెడతాను.

ఇక గుంత.

మన ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టులు. కూలర్ లోపల తీగ పొర చిట్లి రేకుకు తగిలిందనుకోండి. ఆ రేకుకు ఎర్త్ తీగ ఉంటే, కరెంటు ఆ తీగ వెంట గుంతలోకి, గుంత నుంచి నేల గుండా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్‌కు చేరాలి. ఆ దారి సులువుగా ఉంటే పెద్ద కరెంటు పారి ఫ్యూజు కాలుతుంది. దారిలో మట్టి అడ్డుపడితే? మట్టి పెట్టే అడ్డును ఓముల్లో కొలుస్తాం. 2 ఓములైతే 230ని 2తో భాగించండి, 115 ఆంపియర్లు. ఫ్యూజు నిలవదు. 20 ఓములైతే పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడు, కదలదు మెదలదు. మే నెలలో మట్టి పొడిపొడి అయి 100 ఓములకు చేరిందంటే పారేది 2.3 ఆంపియర్లు. ఎంసీబీకి తెలియనైనా తెలియదు. కూలర్ రేకు మీద మాత్రం దాదాపు మొత్తం వోల్టేజీ నిలబడి ఉంటుంది, తడిచేత్తో ఎవరొస్తారా అని.

మట్టిలో కరెంటు నడిచేది తడి వల్ల, ఆ తడిలో కరిగిన ఉప్పుల వల్ల. కృష్ణా, గోదావరి డెల్టాల్లో నల్లరేగడిలో ఒక పైపు దించితే ఏడాది పొడుగునా పనిచేస్తుంది. మా దగ్గర పైన జానెడు ఎర్రమట్టి, దాని కింద గరుసు, దాని కింద బండ. ప్రమాణం ప్రకారం రెండున్నర మీటర్ల జీఐ పైపు నిలువుగా దించాలి, ఇంటి పునాదికి కనీసం ఒకటిన్నర మీటర్ల దూరంలో. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా నింపాలి, పైన గరాటు పెట్టి నీళ్లు పోయడానికి దారి ఉంచాలి. మూడడుగులకే గునపం ఖణేల్‌మంటే మేస్త్రీ ఏం చేస్తాడు? పైపు కోసేస్తాడు. కోసిన ముక్క ఆటోలో వేసుకుని పోతాడు. పైకి కనిపించే కొస మాత్రం చక్కగా గరాటుతో సహా ఉంటుంది.

బండ తగిలిన చోట దారి లేకపోలేదు. ఒకే గుంతను నమ్ముకోకుండా కాస్త ఎడంగా రెండు మూడు గుంతలు తీసి కలపొచ్చు. లోతు దొరకనప్పుడు జీఐ పట్టీని కాలువ తవ్వి అడ్డంగా పాతవచ్చు. ఇప్పుడు బెంటొనైట్ మట్టి నింపిన కెమికల్ ఎర్తులు కూడా అమ్ముతున్నారు, అవి తడిని ఎక్కువకాలం పట్టి ఉంచుతాయి. అన్నిటికీ ఖర్చే. ఆ ఖర్చు మట్టిలో పూడ్చిపెట్టాలి, చుట్టాలకు చూపించడానికి ఉండదు. హాల్లో మెరిసే ఫ్యాన్సీ లైటుకు బేరమాడని మనిషి, ఎర్త్ గుంతకు గంటసేపు బేరమాడతాడు.

మరి నీళ్లు? ఇక్కడ నీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. 1995-96లో సత్యసాయి తాగునీటి పథకం రాకముందు ఆడవాళ్లు బిందెలు పట్టుకుని బోరింగుల దగ్గర రాత్రిళ్లు కాపు కాసిన జిల్లా ఇది. అలాంటి చోట వేసవిలో "రెండు బిందెలు గుంతలో పోయండమ్మా" అంటే నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తారు. నేను మంచినీళ్లు అడగను. బట్టలుతికిన నీళ్లు చాలు. ఆర్వో మెషిన్ వదిలేసే ఉప్పునీళ్లయితే ఇంకా మేలు. ఏసీ ఉన్న ఇంట్లో దాని నీటి గొట్టాన్ని గుంతలోకి తిప్పేస్తే ఎవరూ గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు. ఎండ ఎంత ముదిరితే ఏసీ అంతసేపు నడుస్తుంది, గుంతకు అంత తడి. కొత్త ఇళ్లలో నేను అడగకుండానే ఇది చేసేస్తున్నాను.

ఎర్త్ విషయంలో రెండు మోసాలు చూస్తుంటాను. మొదటిది కావాలని చేసింది కాదు. ఒకప్పుడు ఇంటి నీళ్ల పైపులన్నీ జీఐవి, నేరుగా బోరు కేసింగు దాకా పోయేవి. ఎర్త్ తీగను ఆ పైపుకే కట్టేవాళ్లు, బాగానే పనిచేసేది. తర్వాత ప్లంబరు వచ్చి తుప్పు పట్టిన ముక్క తీసేసి ప్లాస్టిక్ పైపు వేశాడు. అతని పని అతను సరిగ్గానే చేశాడు. ఆ రోజుతో ఇంటికి ఎర్త్ లేకుండా పోయింది, ఎవరికీ తెలియలేదు. పైగా ఇప్పుడు ఏ సామాను లీకైనా ఆ కరెంటు స్నానాలగది కుళాయికి వస్తుంది. రెండోది తెలిసి చేసే పాపం. మూడు పిన్నుల సాకెట్టులో ఎర్త్ పిన్నును లోపల చిన్న తీగ ముక్కతో న్యూట్రల్‌కు కలిపేయడం. టెస్ట్ ల్యాంపు పెడితే ఎర్త్ బ్రహ్మాండంగా ఉన్నట్టు వెలుగుతుంది. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజున, ఆ ఇంట్లో మూడు పిన్నులున్న ప్రతి సామాను ఒంటిమీదా ఫేజు ఎక్కి కూర్చుంటుంది. అలా కలిపినవాడికి పర్మిట్ ఉన్నా సరే, వాడిని నేను పనివాడు అనను.

మనిషిని కాపాడే వస్తువు ఒకటుందన్నాను కదా. దాని పేరు ఆర్‌సీసీబీ. ఎంసీబీ పక్కనే, దాదాపు దానిలాగే ఉంటుంది, మీద చిన్న టెస్ట్ బటను ఉంటుంది. ఫేజులో ఎంత పోయింది, న్యూట్రల్‌లో ఎంత తిరిగి వచ్చింది అని అది చూస్తూ ఉంటుంది. వడ్డీ వ్యాపారి లెక్క లాగా, తేడా వస్తే ఊరుకోదు. ఇళ్లలో వాడేదానికి ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లు. అంతకు మించి కరెంటు మనిషి ఒంట్లోంచో కూలర్ రేకులోంచో నేలలోకి జారిందంటే సెకనులో మూడో వంతు లోపే తెంపేస్తుంది. మన కరువు నేలకు ఇది చేసే మేలు లెక్క వేసి చూడండి. ఎర్త్ 100 ఓములున్నా, రేకు మీద వోల్టేజీ 3 వోల్టులకు చేరేలోపే అది పడిపోతుంది. నేల ఎండిపోయినా మనిషి బతుకుతాడు. 2010 నిబంధనల్లోనే 5 కిలోవాట్లు, ఆపైన లోడున్న కనెక్షన్లకు ఇలాంటి రక్షణ తప్పనిసరి అన్నారు. మా ఇళ్లలో కాగితం మీద ఒకటో రెండో కిలోవాట్లే ఉంటాయి, వాడకం ఎంతన్నది వేరే కథ. కాబట్టి పెట్టమని ఎవరూ అడగరు. రెండు వేల రూపాయల చుట్టుపక్కల అయ్యే ఈ డబ్బా పెట్టించుకోమని నేనే వెంటపడుతుంటాను.

దానికీ హద్దులున్నాయి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఎంత పోయిందో అంతా తిరిగొస్తుంది కాబట్టి దానికి తేడా కనిపించదు. పాత ఇళ్లలో రెండు లైన్లకు ఒకే న్యూట్రల్ ఎక్కడో కలిపి ఉంటే ఊరికే పడిపోతూ సతాయిస్తుంది. అందుకే పెట్టే ముందు వైరింగును మెగ్గర్‌తో చూస్తాను, 500 వోల్టుల డీసీ ఇచ్చి. తీగకూ ఎర్త్‌కూ మధ్య కనీసం ఒక మెగాఓము రావాలన్నది నిబంధన. పాత ఇళ్లలో గోడ తడిసిన రోజు అది సున్నా చూపించడం కొత్తేమీ కాదు.

రేకుల ఇళ్ల సంగతి వేరు, అక్కడ మెగ్గర్లూ ఆర్‌సీసీబీలూ మాట్లాడితే నవ్వుతారు. అక్కడ నన్ను భయపెట్టేది దండెం. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరును ఒక జీఐ తీగకు చుట్టి లాగుతారు. అది రేకు అంచును ఆనుకుని గాలికి ఊగి ఊగి, ఎండకు పైపొర పగిలి, లోపలి తీగ బయటపడుతుంది. ఎండాకాలమంతా ఏమీ కాదు. జూన్‌లో మొదటి చినుకులు పడగానే రేకు మొత్తానికి కరెంటు వస్తుంది. రేకు కింది ఇనుప గుంజకు దండెం తీగ కట్టి ఉంటుంది. ఆ ఇల్లాలు తడిబట్టలు తీసుకొచ్చి దాని మీద వేస్తుంది. ఆమె అరుపు విని భర్త వచ్చి ఆమెను పట్టుకుంటాడు. ఏటా వానాకాలం పేపర్లలో ఇలాంటి వార్త ఏదో ఒక ఊరి నుంచి వస్తూనే ఉంటుంది, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయిన వార్త. నా సంచీలో పనిముట్లతోపాటు నైలాన్ తాడు చుట్ట ఒకటి ఉంటుంది. ఇనుప తీగ దండెం కనిపిస్తే అడక్కుండానే తెంపేసి తాడు కడతాను. దానికి లైసెన్సు అక్కర్లేదు, ఏ నియమమూ అడ్డురాదు. పట్టుకున్న మనిషిని చేత్తో లాగొద్దు, ముందు మెయిన్ ఆపండి, ఆపలేకపోతే ఎండు కట్టెతో తోయండి అని తాడు కడుతూ చెబుతాను. ఊపిరి ఆగితే గుండె మీద నొక్కడం కూడా చేసి చూపిస్తాను. పిల్లలు నవ్వుతారు గానీ వాళ్లకే బాగా గుర్తుంటుంది.

పొలాల్లో ఇంకా ఘోరం. అది ఇంటి పని కాదు గానీ చేసేది ఆ ఇంటి మనిషే. వేరుశనగకు తడి కట్టే సమయంలో ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతుంది. లైన్‌మన్‌కు చూసుకోవాల్సిన ఊళ్లు చాలా ఉంటాయి, వచ్చేసరికి పొద్దుపోతుంది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇచ్చారు గానీ అది రోజులో కొన్ని గంటలే ఉంటుంది. ఆ గంటలు పోతే మడి ఎండుతుంది. రైతే ఏబీ స్విచ్ హ్యాండిలు కిందికి లాగి ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కుతాడు. పైన మూడు కత్తుల్లో రెండే విడిపోయి మూడోది అతుక్కుని ఉంటుంది. కింద నుంచి చూస్తే అన్నీ తెరుచుకున్నట్టే అనిపిస్తుంది. అక్కడ 11 వేల వోల్టులు. ఆ గద్దె ఎక్కొద్దని రైతుకు చెప్పడం తేలికే. 1912కు ఫోను చేయండి, లైన్ క్లియర్ తీసుకునేవాళ్లు వచ్చేదాకా ఆగండి అని నేనూ చెబుతాను. ఎండుతున్న మడి ముందు నిలబడి ఆ మాట వినడం ఎంత కష్టమో కూడా నాకు తెలుసు. ఇక్కడ తప్పు ఆ రైతుదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

లైసెన్సుల మాట కూడా చెప్పాలి, కొందరికి కోపం వచ్చినా సరే. కొత్త సర్వీసు కావాలంటే వైరింగు సరిగ్గా చేశామని లైసెన్సున్న కాంట్రాక్టరు సంతకంతో కంప్లీషన్ రిపోర్టు ఇవ్వాలి. నియమం ఉద్దేశం, ఆయన వచ్చి, చూసి, కొలిచి సంతకం పెట్టాలని. నేను చూసిన చాలా రిపోర్టుల్లో ఇన్సులేషన్ విలువ, ఎర్త్ విలువ అన్నీ నిండి ఉంటాయి. ఆ ఇంట్లో గుంత ఇంకా తవ్వి ఉండదు. సంతకానికి ఒక రేటుంటుంది, ఇంటాయన దాన్ని సర్వీసు ఖర్చుల్లో ఒకటిగా కడతాడు. కాగితం విషయంలో అందరం చట్టానికి కట్టుబడి ఉంటాం, మట్టి దగ్గరికొచ్చేసరికి వదిలేస్తాం. దానికన్నా ఇంటాయనే కొంచెం పని తెలుసుకుని, "గుంత ఎంత లోతు తీసినావు, నా ముందర కొలిచి చూపించు" అని అడగడం నయం. అడిగితే విసుక్కునేవాణ్ణి పనికి పెట్టుకోవద్దు, నన్నైనా సరే.

మా మేనల్లుడు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటాడు. వాడు వీడియో కాల్‌లో తన ఇంట్లో తానే స్విచ్చులు మార్చి చూపించి, "మామా, ఇక్కడ సొంతింట్లో అన్నీ మేమే చేసుకోవచ్చు" అంటాడు. అన్నీ కాదు. అక్కడ చాలా రాష్ట్రాల్లో సొంతింటి యజమాని కొత్త లైను లాగాలన్నా ముందు పర్మిట్ తీసుకోవాలి, తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చి చూడాలి. వాళ్ల దగ్గర 120 వోల్టులే, తడి ఉండే చోట సాకెట్లకు 5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే తెంపే రక్షణ ఉంటుంది. ఆస్ట్రేలియాలో అయితే లైసెన్సు లేనివాడు గోడ స్విచ్చు మార్చినా నేరమే. ఇంగ్లండులో 2005 నుంచి కొత్త సర్క్యూట్లు, స్నానాలగదిలో పనులు వంటివి అధికారులకు తెలియజేయాలి. ఇన్ని దేశాల్లో ఇన్ని రకాల గీతలు. మన గీత మధ్యస్థంగా ఉంది, మరీ వదులూ కాదు, మరీ బిగువూ కాదు. వాళ్లకు ఉన్నదీ మనకు లేనిదీ ఒకటే, సంతకం పెట్టేవాడు ఇంటికి రావడం.

ఇప్పుడు మిద్దెల మీద సోలార్ పలకలు వస్తున్నాయి. 2024లో పీఎం సూర్యఘర్ మొదలయ్యాక 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ అనేసరికి మా ఊళ్లోనూ అడుగుతున్నారు. మాకు ఎండకేం కొదవ. యూట్యూబు చూసి పలకలు కడగడానికి, కనెక్టర్లు విప్పి బిగించడానికి కుర్రాళ్లు పైకెక్కుతున్నారు. ఐదారు పలకలు వరసగా కలిస్తే 200 వోల్టులు దాటిన డీసీ ఉంటుంది. ఇంటి మెయిన్ ఆపినా ఎండ ఉన్నంతసేపు అది ఉంటుంది, ఎండను ఆపే స్విచ్చు ఏ కంపెనీ తయారుచేయలేదు. నడుస్తుండగా కనెక్టరు లాగితే వచ్చే నిప్పు ఏసీ కరెంటులోలాగా చప్పున ఆరదు. కడుక్కోవడం మీ పని, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కడుక్కోండి. కనెక్టరు మాత్రం ముట్టొద్దు.

పోయిన వేసవిలో పుట్టపర్తి రోడ్డులో ఒక రిటైర్డు టీచరు గారింట్లో ఆర్‌సీసీబీ పెట్టాను. పెట్టిన వారానికి సారు ఫోను. "ఏమప్పా, నువ్వు పెట్టిన డబ్బా మధ్యాన్నమైతే చాలు పడిపోతాండాది. నిద్ర ల్యా, ఫ్యాను ల్యా. వచ్చి తీసేసిపో." వెళ్లాను. ప్లగ్గులన్నీ పీకి, డబ్బా పైకెత్తాను, నిలబడింది. ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చాం. ఫ్రిజ్జు పెడితే నిలబడింది. టీవీ, మిక్సీ, నిలబడింది. కూలర్ ఫ్యాను ఒక్కటే తిప్పితే అప్పటికీ నిలబడింది. నీళ్ల పంపు స్విచ్చు వేయగానే టక్కున పడింది. తొట్టిలో మునిగి ఉండే చిన్న పంపు, సీలు పోయి నీళ్లు లోపలికి దిగాయి. "ఇది గానా? రెండేండ్ల నుంచి ఇట్లనే ఉండాది, చెయ్యి పెడితే సన్నగా జివ్వుమంటాది, అంతే" అన్నారు అమ్మగారు. వాళ్ల మనవడు సెలవులకు వచ్చి ఆ కూలర్ ముందే చాప వేసుకుని పడుకుంటున్నాడు.

పంపు మార్చాను. గుంత ఎక్కడుందో వెతికి, దానిమీది బండ లేపి, అంట్లు కడిగిన నీళ్లు పోయించాను. సారు పంపు డబ్బులు లెక్కపెట్టి ఇచ్చారు. వచ్చినందుకు కూలి అడిగితే, "నీ డబ్బా పడిపోతేనే కదప్పా నువ్వు రావాల్సొచ్చింది, దానికీ నేనే ఇయ్యాల్నా?" అన్నారు. కాఫీ ఇప్పించారు. కూలి మాత్రం ఇయ్యలేదు.